చెట్లు కొట్టేసి పువ్వును బతికించడమా? కౌస్లిప్ లెక్కలోని చిక్కుముడులు

ఉత్తర ఐరోపా దేశం ఎస్తోనియాలో 2014 నుంచి 2019 దాకా ఒక పథకం నడిచింది. పశ్చిమ తీరంలోనూ, సారెమా, హియుమా, ముహు దీవుల్లోనూ దాదాపు 2,500 హెక్టార్ల మేర జునిపర్ పొదలూ పైన్ చెట్లూ కొట్టేసి, ఆ నేలను మళ్లీ గొర్రెలకూ ఆవులకూ వదిలారు. ఆ పని చేయించింది కలప వ్యాపారులు కాదు, పర్యావరణాన్ని చూసుకోవాల్సిన ప్రభుత్వ విభాగమే. ఐరోపా సమాఖ్య పర్యావరణ నిధి డబ్బు సాయం చేసింది.

విశాఖవాళ్లకు ఇది ఒక పట్టాన మింగుడుపడదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊరి మీద పడి, ఎక్కడి చెట్లను అక్కడే మోళ్లు చేసి పోయింది. అప్పటి నుంచి ఇక్కడ మొక్క నాటడం అంటే తిరుగులేని పుణ్యం. ఖాళీ కొండవాలు కనిపిస్తే చాలు, గుంతలు తవ్వేద్దామనే మాటే ముందు వస్తుంది. అలాంటి మనకు, చెట్టును తీసేసి గడ్డిని కాపాడారంటే ఎక్కడో ఏదో తేడా కొట్టినట్టే ఉంటుంది.

ఆ గడ్డినేలల్లో వసంతంలో పూసే పసుపు పువ్వు ఒకటుంది. పేరు కౌస్లిప్. చెట్లు కొట్టే పథకం ముగిసిన ఏడాదే, అంటే 2019లో, టార్టు విశ్వవిద్యాలయం పరిశోధకులు దేశంలోని జనాన్ని ఒక పని అడిగారు. కౌస్లిప్ కనిపిస్తే ఒక్కో మొక్క నుంచి ఒక్కో పువ్వు తీసి లోపలికి తొంగిచూడండి, రెండు రకాల్లో అది ఏ రకమో రాసి పంపండి అని. ఒకే జాతి మొక్కలో రెండు రకాలేమిటి? వాటిని లెక్కపెడితే ఏం తెలుస్తుంది? దానికీ చెట్లు కొట్టడానికీ ఏమిటి సంబంధం? ఒక్కొక్కటే విప్పుకుంటూ వెళ్దాం.

ముందు ఈ మొక్క ఎవరింటిదో

కౌస్లిప్ శాస్త్రనామం ప్రిములా వేరిస్. 1753లో లిన్నేయస్ పెట్టిన పేరే ఇప్పటికీ చెల్లుతోంది. ఐరోపాలోనూ పశ్చిమాసియాలోనూ సహజంగా పెరుగుతుంది. సున్నం పాలు ఎక్కువగా, ఎరువుసారం తక్కువగా ఉన్న పచ్చిక నేలలంటే దీనికి ఇష్టం. ముడతల ఆకులు నేలకు కరుచుకుని చుట్టూ పరుచుకుంటాయి. మధ్యలోంచి జానెడు కాడ లేచి, దాని కొసన గుత్తిగా పూలు వేలాడతాయి. రక్షక పత్రాలు లేత ఆకుపచ్చ సంచిలా ఉబ్బి ఉంటాయి. అందులోంచి పసుపు గొట్టం, దాని అంచున అయిదు రేకలు, ఒక్కో రేక మొదట్లో ఒక నారింజరంగు మచ్చ. గింజకు చలి తగిలితే గాని మొలక సరిగ్గా రాదు కాబట్టి విశాఖ ఉక్కలో దీన్ని పెంచుదామనుకుంటే కుదరదు.

దీని కుటుంబం ప్రిములేసీ. ఆ కుటుంబం మనకు మరీ దూరపుదేం కాదు. మూలికల కొట్లో నులిపురుగుల మందు కోసం కొనే, మిరియాల్లా కనిపించే వాయువిడంగాలు ఈ కుటుంబంవే. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లో ఉప్పును ఆకుల మీదకు చెమటలా వదిలే ఈజిసెరాస్ కూడా ఇందులోదే. ఇవి ఒకప్పుడు మిర్సినేసీ అనే వేరే కుటుంబంలో ఉండేవి. డిఎన్‌ఏ పోలికలు చూశాక 2009 నాటి వర్గీకరణలో అందరినీ ఒక ఇంటికి చేర్చారు. జానెడు ఎత్తు మొక్కా, మడ చెట్టూ, అడవిలో ఎగబాకే తీగా ఒకే కుటుంబమంటే పాతకాలపు వృక్షశాస్త్రం మాస్టార్లు ఇప్పటికీ కాస్త ముఖం చిట్లిస్తారు.

మెడికల్ షాపుల్లో అమ్మే ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ నూనె గొట్టాలను చూసి ఇదీ అదేననుకుంటారు చాలామంది. ఆ నూనె వచ్చేది ఈనోథెరా అనే ఉత్తర అమెరికా మొక్క నుంచి. దాని కుటుంబం ఆనాగ్రేసీ. కౌస్లిప్‌తో దానికి ఏ చుట్టరికమూ లేదు.

గొట్టంలోకి తొంగిచూస్తే

పువ్వులో పుప్పొడి ఇచ్చేవి కేసరాలు. పుప్పొడిని అందుకునేది కీలాగ్రం. కీలాగ్రాన్ని అండాశయం మీద నిలబెట్టే సన్నని కాడ కీలం. పదో తరగతి దాకా చదివినవాళ్లకు ఇంతవరకూ తెలిసిందే.

ఒక కౌస్లిప్ మొక్క పువ్వును ఎదురుగా పట్టుకుని చూస్తే గొట్టం నోటి దగ్గర గుండుసూది తలంత ఆకుపచ్చ చుక్క కనిపిస్తుంది. అది కీలాగ్రం. కీలం పొడుగ్గా ఉండి దాన్ని పైకి తెచ్చింది. ఇలాంటి పువ్వులో కేసరాలు గొట్టం సగంలో దాక్కుని ఉంటాయి. దీన్ని పిన్ అంటారు. పక్కనే ఉన్న ఇంకో మొక్కలో అదంతా తలకిందులు. గొట్టం నోటి దగ్గర అయిదు కేసరాల కొసలు గుమిగూడి ఉంటాయి, కీలం పొట్టిదై లోపలెక్కడో ఆగిపోతుంది. ఇది థ్రమ్. మగ్గం మీద బట్ట కోశాక మిగిలే దారపు కొసలను ఇంగ్లిష్ నేతగాళ్లు అలా పిలిచేవారు. ఒక మొక్కలోని పూలన్నీ ఒకే రకంగా ఉంటాయి. పిన్ మొక్క ఎప్పటికీ పిన్‌గానే ఉంటుంది, థ్రమ్ మొక్క థ్రమ్‌గానే. ఈ ఏర్పాటుకు హెటిరోస్టైలీ అని పేరు.

దీన్ని కళ్లారా చూడటానికి ఐరోపా దాకా పోనక్కర్లేదు. విశాఖ వీధుల్లో గేట్ల ముందు పొద్దున్నే విచ్చుకుని మధ్యాహ్నానికల్లా ముడుచుకునే లేత పసుపు, తెలుపు పూల మొక్క కనిపిస్తుంది. రేకల మొదట్లో ముదురు ఊదా మచ్చ ఉంటుంది. అది టర్నెరా సబులాటా. ప్రిములాకు ఏమీ కాదు గాని దీనిలోనూ ఇవే రెండు రకాలున్నాయి. మధ్యలో కుంచెల్లా చీలిన మూడు కీలాగ్రాలు కేసరాల పైన ఉన్నాయా, కింద ఉన్నాయా చూస్తే చాలు. మా వీధిలో వరసగా ఉన్న మొక్కల్లో అన్నిటికీ కీలాగ్రాలు పైనే ఉన్నాయి. ఎవరో ఒకే మొక్క కొమ్మలు విరిచి వీధంతా గుచ్చుకుని ఉంటారని నా అనుమానం.

పూల పోటీలవాళ్లకు ఈ సంగతి ఏనాడో తెలుసు. ఇంగ్లండ్‌లో కౌస్లిప్ దగ్గరి చుట్టం ఆరిక్యులాకు పోటీలు జరుగుతాయి. అక్కడ థ్రమ్ పువ్వే అందం, పిన్ పువ్వును పక్కన పెట్టేస్తారు. అయితే పువ్వుకు ఈ రెండు రూపాలతో పనేమిటని గట్టిగా అడిగినవాడు చార్లెస్ డార్విన్. 1862లో అచ్చయిన పరిశోధన పత్రంలో అతను కౌస్లిప్‌ను అడ్డం పెట్టుకునే ఈ ప్రశ్నను విప్పాడు. మొదట అతని ఊహ వేరు. పిన్ మొక్కలు ఆడవిగా, థ్రమ్ మొక్కలు మగవిగా మెల్లగా విడిపోతున్నాయేమో అనుకున్నాడు. నిజమైతే పిన్ మొక్కలకే గింజలు ఎక్కువ పట్టాలి. లెక్కపెడితే థ్రమ్ మొక్కలే ఎక్కువ గింజలిచ్చాయి. ఊహ తలకిందులైంది. అప్పుడు పుప్పొడిని తన చేత్తో అటూ ఇటూ మార్చి చూశాడు. పిన్ పుప్పొడి థ్రమ్ కీలాగ్రం మీద, థ్రమ్ పుప్పొడి పిన్ కీలాగ్రం మీద పడితే కాయ నిండుగా వచ్చింది. పిన్ మీద పిన్, థ్రమ్ మీద థ్రమ్ పడితే గింజలు బాగా తగ్గిపోయాయి.

తెలుగిళ్లలో దీన్ని ఒక్క ముక్కలో చెప్పొచ్చు. మొక్కలకు రెండే గోత్రాలు, సగోత్రంలో సంబంధం కుదరదు. పువ్వు తన పుప్పొడినే కాదు, తన రకానికే చెందిన పక్క మొక్క పుప్పొడిని కూడా కాదంటుంది. కొలతల్లోని తేడా ఈ పెళ్లిళ్లకు మధ్యవర్తి. పిన్ పువ్వులో తుమ్మెద నోటిగొట్టం ఏ ఎత్తులో పుప్పొడి పూసుకుంటుందో, థ్రమ్ పువ్వులో కీలాగ్రం సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటుంది.

వందలో ఎన్ని? పలకా బలపం పట్టుకుంటే

ఒక పచ్చికలో వంద కౌస్లిప్ మొక్కలున్నాయనుకుందాం. యాభై పిన్, యాభై థ్రమ్. తుమ్మెద ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు ఏ లెక్కా లేకుండా ఎగిరితే, ఇంచుమించు సగం రాకపోకలు వేరే రకం మధ్య జరుగుతాయి. సగం పని ఫలిస్తుంది.

ఇప్పుడు తొంభై పిన్, పది థ్రమ్ అనుకుందాం. తుమ్మెద పిన్ నుంచి థ్రమ్‌కు వెళ్లే అవకాశం వందలో తొమ్మిది, థ్రమ్ నుంచి పిన్‌కు వెళ్లేది మరో తొమ్మిది. మొత్తం పద్దెనిమిది. మొక్కల సంఖ్య వందే, పూలూ అన్నే, తుమ్మెదలూ అవే. ఫలించే రాకపోకలు మాత్రం యాభై నుంచి పద్దెనిమిదికి పడిపోయాయి. రోడ్డు మీద నిలబడి చూసేవాడికి ఆ రెండు పచ్చికలూ ఒకేలా పసుపుపచ్చగా కనిపిస్తాయి. ఈ లెక్కకు ఉన్న విలువంతా ఇక్కడే ఉంది. పువ్వు కనిపిస్తోంది కాబట్టి మొక్క క్షేమంగా ఉందనుకోవడానికి వీల్లేదు.

మరి చిన్న ముక్కల్లో? రోడ్డు పక్కన చివరికి నాలుగంటే నాలుగే మొక్కలు మిగిలాయనుకుందాం. ఒక్కోటి పిన్ కావడానికీ థ్రమ్ కావడానికీ బొమ్మా బొరుసంత అవకాశం. నాలుగూ పిన్ అయ్యే అవకాశం పదహారులో ఒకటి, నాలుగూ థ్రమ్ అయ్యేది ఇంకొకటి. అంటే అలాంటి ఎనిమిది ముక్కల్లో ఒకదానిలో జత దొరికే దారే ఉండదు. పది మొక్కలుంటే ఆ ప్రమాదం అయిదు వందల పన్నెండులో ఒకటికి తగ్గుతుంది. పచ్చిక ముక్కలైన కొద్దీ కేవలం దురదృష్టం చేసే నష్టం ఎలా పెరుగుతుందో ఈ అంకెలే చెబుతాయి.

ఇక్కడ లెక్క తెలిసినవాళ్లు ఒక అభ్యంతరం చెబుతారు. అది సరైనదే. సంఖ్యలో తక్కువైన రకానికి జతలు ఎక్కువ. తొంభై పిన్ మొక్కలున్న చోట థ్రమ్ మొక్కకు వచ్చే పుప్పొడి దాదాపు అంతా పనికొచ్చేదే. పైగా పిన్, థ్రమ్ కలిస్తే పుట్టే పిల్లల్లో సగం పిన్, సగం థ్రమ్. కాబట్టి ఒకటి రెండు తరాల్లో త్రాసు దానంతటదే సమం కావాలి కదా? కావాలి. మొలకలు వస్తూ ఉంటే. కౌస్లిప్ ఏడాదికి చచ్చిపోయే మొక్క కాదు, ఏళ్ల తరబడి బతుకుతుంది. దాని గింజలు తల్లి పక్కనే రాలతాయి. అవి మొలవాలంటే కాస్త బోసి మట్టి, వెలుతురు కావాలి. గడ్డి దట్టంగా కమ్మేసిన చోట కొత్త తరమే రాదు. పాత మొక్కలు మాత్రం పూస్తూనే ఉంటాయి.

లోపల ఏం జరుగుతోంది

సగం సగం ఎందుకు పుడతాయో జన్యువుల దగ్గర వెతకాలి. పిన్, థ్రమ్ తేడా మెండెల్ సూత్రాల ప్రకారమే తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తుందని 1905లో బేట్సన్, గ్రెగరీ అనే శాస్త్రవేత్తలు చూపించారు. ఆ తర్వాత వందేళ్లకు పైగా అందరూ ఒకే జన్యుభాగానికి రెండు రూపాలున్నాయని, ఒకటి బలమైనది, ఇంకొకటి బలహీనమైనదని పాఠం చెప్పుకొచ్చారు. 2016లో ఆ పాఠం మారింది. థ్రమ్ మొక్కలో అయిదు జన్యువులున్న ఒక ముక్క అదనంగా ఉంది. పిన్ మొక్కలో దానికి ప్రతిరూపమే లేదు, ఆ చోటు ఖాళీ. ఆ ముక్క థ్రమ్ మొక్కలోనూ ఒకే ప్రతి ఉంటుంది కాబట్టి సంతానంలో సగానికే చేరుతుంది. చేరినవి థ్రమ్, చేరనివి పిన్.

ఆ ముక్కలోని ఒక జన్యువు, సీవైపీ734ఏ50, కీలంలో పెరుగుదల హార్మోనును విరగ్గొట్టేస్తుంది. కీలం పొట్టిదైపోతుంది. ఇంకొక జన్యువు కేసరాలను పైకి ఎత్తుతుంది. మొదటి జన్యువు చెడిపోతే ఏమవుతుంది? కీలమూ పొడుగే, కేసరాలూ పైనే. రెండూ ఒకే ఎత్తులో ఉన్న పువ్వు వస్తుంది. దానికి జతతో పనిలేదు, తనను తానే ఫలదీకరించుకోగలదు. కౌస్లిప్ అక్కగారైన ప్రిమ్‌రోజ్‌లో (నూనె ఇచ్చే ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ కాదు) ఇలాంటి మొక్కలు ఇంగ్లండ్‌లోని సోమర్సెట్ ప్రాంతంలో గుంపులు గుంపులుగా ఉన్నాయని 1940ల నుంచే పరిశోధకులకు తెలుసు. తుమ్మెదలు కరువైన చోట ఇలాంటివి నెగ్గుకొస్తాయా, లేక సొంత సంతతిలోనే కుంచించుకుపోయి దెబ్బతింటాయా అన్న వాదన ఈనాటికీ సాగుతోంది.

జనం లెక్కపెట్టాక ఏం తేలింది

ఎస్తోనియాలో మొదలైన లెక్క తర్వాత ఐరోపా అంతటికీ పాకింది. బడిపిల్లలూ, పింఛనుదార్లూ, వారాంతం షికారుకు వెళ్లినవాళ్లూ వేల చోట్ల పూలు చూసి పంపారు. ఇలాంటి పనికి ఈ పువ్వు భలే అనువైనది. చదువుతోనూ పరికరాలతోనూ పనిలేదు. ఆకుపచ్చ చుక్కా, కేసరాల గుంపా అని చెబితే చాలు.

తేలిందేమిటంటే, మొత్తం మీద థ్రమ్ మొక్కలు సగం కంటే ఎక్కువున్నాయి. గుంపు చిన్నదైన కొద్దీ త్రాసు ఎక్కువగా ఒరిగింది. మనుషుల తాకిడి ఎక్కువున్న నేలల్లోనూ అంతే.

ఇక ఎందుకన్న దగ్గర దారులు చీలుతాయి. చిన్న గుంపుల్లో ఒరగడాన్ని పైన చూసిన బొమ్మా బొరుసు లెక్కే వివరిస్తుందని ఒక వాదం. కాని అది కేవలం అదృష్టమే అయితే కొన్ని చోట్ల పిన్ వైపు, కొన్ని చోట్ల థ్రమ్ వైపు ఒరిగి, అన్నీ కలిపితే సమానం కావాలి. ఒకే వైపు మొగ్గు ఎందుకొచ్చింది? తుమ్మెదల కొరతే కారణమని మరో వాదం. సరైన జత పుప్పొడి అందనప్పుడు సగోత్ర పుప్పొడితో ఎంతో కొంత గింజ పట్టించుకోగల రకం పైచేయి సాధిస్తుంది. థ్రమ్, థ్రమ్ కలిస్తే పిల్లల్లో థ్రమ్ ఎక్కువ. పిన్, పిన్ కలిస్తే అదనపు ముక్క ఎవరి దగ్గరా లేదు కాబట్టి అందరూ పిన్నే. కాగా, రెండు రకాల మొక్కల ఆయుష్షులోనూ, ఎండా వానా ఓర్చుకోవడంలోనూ తేడా ఉండవచ్చన్నది మూడో వాదం. థ్రమ్‌లోని అదనపు ముక్క కీలాన్ని పొట్టి చేసి ఊరుకోకుండా మొక్క పెరుగుదలలో ఇంకేమైనా వేలు పెడుతోందా అన్న ప్రశ్న అందులోంచే వచ్చింది.

ఇవన్నీ చదివాక నాకు అనిపించింది చెబుతాను. ఈ నిష్పత్తి ప్రమాద గంటగా బాగా పనికొస్తుంది, తీర్పుగా పనికిరాదు. త్రాసు ఒరిగిందంటే అక్కడికి వెళ్లి చూడాలి. ఒరగలేదు కాబట్టి అంతా బాగుందనుకోకూడదు. వందేళ్ల కిందటి పచ్చికలో సమానంగా మొలిచిన మొక్కల వారసులు, చుట్టూ పొలాలైపోయాక కూడా కొన్నాళ్లు సమానంగానే కనిపిస్తారు. నేల పోయింది, మొక్కలు ఇంకా పోలేదు. ఈ మధ్యకాలాన్ని జీవావరణ శాస్త్రవేత్తలు అంతర్ధాన రుణం అంటారు. అప్పు రాసుకుని ఉంది, వసూలుకు ఇంకా రాలేదన్నమాట.

గుర్రపుడెక్క ఎందుకు భయపడదు

ఇదే సూత్రం ఎదురు తిరిగే ఉదాహరణ మన గెడ్డల్లోనే తేలుతోంది. గుర్రపుడెక్కది దక్షిణ అమెరికా. దానిలో రెండు కాదు, మూడు రకాల పూలుంటాయి: పొడుగు, మధ్యరకం, పొట్టి కీలాలు. స్వస్థలంలో మూడూ ఉన్నాయి. అక్కడి నుంచి ప్రపంచమంతా పాకినప్పుడు చాలా చోట్లకు మధ్యరకమే చేరింది. పొట్టి రకం దాదాపు స్వస్థలం దాటలేదు. కౌస్లిప్ లెక్క ప్రకారమైతే జత లేని గుర్రపుడెక్క ఈపాటికి అంతరించాలి. చెరువులు నిండిపోయింది! దానికి విత్తనంతో అంత పనిలేదు. కాడ పక్కకు సాగి పిల్ల మొక్కను వేస్తుంది, ఆ పిల్ల తెగి కొట్టుకుపోయి ఇంకో చెరువులో సంసారం పెడుతుంది.

కాబట్టి ఒరిగిన నిష్పత్తి ప్రతి మొక్కకూ ఒకే జబ్బు కాదు. గింజ మీదే ఆధారపడి, మెల్లగా పెరిగి, తల్లి పక్కనే రాలే మొక్కకు అది ప్రాణం మీదకొస్తుంది. ముక్క తెగితే మొక్కయ్యే జాతికి పట్టింపే లేదు.

చెట్టు ఎప్పుడు శత్రువవుతుంది

ఇప్పుడు ఎస్తోనియా గొడ్డళ్ల దగ్గరికి వద్దాం. అక్కడి ఆల్వార్ నేలల్లో సున్నపురాయి పలక మీద మట్టి పొర చాలా పలచన. శతాబ్దాల తరబడి పశువులు మేయడం వల్ల పొడుగు గడ్డి పైచేయి సాధించలేదు, పొదలు తలెత్తలేదు. చిన్న మొక్కలన్నిటికీ చోటు దొరికింది. ఆ దేశంలోనే ఆల్వార్ కాని, ఏటా గడ్డి కోసే లాయెలాటు అనే పచ్చికలో ఒక్క చదరపు మీటరులో 76 జాతుల మొక్కలు లెక్కతేలాయి. ఆల్వార్లలో మేత ఆగిపోయాక జునిపర్ కమ్ముకుంది, కొన్ని చోట్ల మనుషులే పైన్ నాటారు. పైనుంచి ఫొటో తీస్తే నేల పచ్చబడింది. కింద నీడలో చాలా జాతులు పోయి కొన్నే మిగులుతాయి.

ఇంగ్లండ్‌లో కథ వేరే దారిలో అక్కడికే చేరింది. ఇంగ్లండ్, వేల్స్ పల్లపు ప్రాంతాల్లోని అర్ధసహజ పచ్చికల్లో 1930ల నుంచి 1984 నాటికి 97 శాతం పోయాయి. అక్కడ చెట్లు కాదు, నాగలీ ఎరువూ చేసిన పని. రెండో ప్రపంచయుద్ధంలో తిండిగింజల కోసం దున్నారు. తర్వాత నత్రజని చల్లి ఒకే రకం రై గడ్డి పెంచారు. ఎరువు పడితే బలిసేది పొడుగు గడ్డే, దాని నీడలో కౌస్లిప్ నలిగిపోతుంది. దానికి తోడు ఎండుగడ్డి కోసం జులైలో కోసేవాళ్లు పచ్చిమేత నిల్వ కోసం మే నెలలోనే కోయడం మొదలుపెట్టారు. గింజ ముదరకముందే కాడ తెగిపోయింది.

తర్వాత అక్కడ రహదారుల గట్ల మీద కౌస్లిప్ గింజలు చల్లారు. ఇప్పుడు వసంతంలో కార్లో వెళ్లేవాళ్లకు పసుపు బారులు కనిపిస్తాయి. దీని మీదా రెండు మాటలున్నాయి. పువ్వు తిరిగొచ్చింది, తుమ్మెదలకు తిండి దొరికింది, ఇంకేం కావాలని కొందరంటారు. ఎక్కడి గింజో తెచ్చి ఎక్కడో చల్లితే స్థానిక మొక్కల జన్యు గుర్తులు కలగాపులగమవుతాయని, పైగా పువ్వును చూపించి పచ్చిక తిరిగొచ్చిందని చెప్పుకోవడం మోసమని ఇంకొందరంటారు. మిగతా డెబ్బై అయిదు జాతులు గింజల సంచిలో రావు గదా అన్న రెండో పక్షం ప్రశ్నకు మొదటి పక్షం దగ్గర నాకు గట్టి జవాబు కనిపించలేదు.

మన ఇసుక నేలల్లో ఇదే లెక్క

ఐరోపా పాఠాన్ని తెచ్చి విశాఖ కొండలకు అతికిస్తే బోర్లా పడతాం. అక్కడి పచ్చికలు చాలావరకు కొడవలీ పశువులూ కాపాడినవి. ఇక్కడ రుతుపవనాలు, ఎండాకాలపు మంటలు, మట్టి రకం కలిసి నేలను తీర్చిదిద్దుతాయి. మన దగ్గరున్న వాదన వేరు. గడ్డి, పొదలు ఉన్న నేలలను దేశపు పటాల్లో బంజరు కింద రాసేస్తున్నారని, శిస్తు రాని నేలంతా వృథా అన్న పాత రెవెన్యూ ఆలోచన ఇంకా పోలేదని ఒక పక్షం. హైదరాబాద్‌లోని జాతీయ దూరసంవేదన కేంద్రం తయారుచేసే బంజరు భూముల అట్లాసులో పొదల నేలలకూ, పాడైన మేత భూములకూ విడిగా గడులున్నాయన్నది నిజమే. తూర్పు కనుమల్లో బోసిగా కనిపించే వాలు చాలాచోట్ల సహజ పచ్చిక కాదని, పోడుకూ వంటచెరకుకూ నరికిన అడవని, అక్కడ చెట్టు నాటడం పోయినదాన్ని తిరిగి తేవడమేనని ఇంకో పక్షం. రెండూ నిజాలే, వేర్వేరు వాలుల మీద. పాత మోళ్ల నుంచి చిగుళ్లు వస్తున్నాయా, నేలలో ఉన్నవి నీడ తోటల జాతులా ఎండ నేలల జాతులా అన్నది చూడకుండా ఆఫీసులో కూర్చుని తేల్చే విషయం కాదిది.

తీరం వెంట ఇసుక నేలల్లో చిక్కు ఇంకా పెద్దది. భీమిలి వైపు వెళ్తే సరుగుడు తోటలు బారులు తీరి ఉంటాయి. తుపాను గాలికి అడ్డుకట్ట, ఇసుక ఎగరకుండా కాపు, పేదవాడికి కర్ర. కాదనలేం. కాని సరుగుడు కింద రాలిన సూదుల మందపు పరుపు మీద చిన్న మొక్క మొలవడం కష్టం. ఏవి పోతున్నాయని అడిగితే ముందు చెప్పాల్సిన పేరు చిరివేరు. నేల మీద పాకే చిన్న మొక్క, తెల్లటి పూలు, ఎర్రటి వేరు. కోరమాండల్ తీరపు కలంకారీ ఎరుపు ఒకప్పుడు ఈ వేరు నుంచే వచ్చేది. వేరు కోసం తవ్వితే మొక్క పోతుంది. కాబట్టి అప్పట్లోనూ దాని బతుకు రాలిన గింజ మీదే నిలిచింది.

చిరివేరులోనూ పిన్, థ్రమ్ ఉన్నాయి. వృక్షశాస్త్రవేత్త బీర్ బహదూర్ 1960లలోనే దీని మీద పరిశోధన ప్రచురించారు. తూర్పు కనుమల మొక్కలకూ తుమ్మెదలకూ ఉన్న సంబంధంపై ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి దశాబ్దాలుగా పరిశోధనలు వస్తున్నాయి. అంటే ఎస్తోనియా బడిపిల్లలు చేసిన పని ఇక్కడ చేయడానికి మొక్కా ఉంది, దాన్ని చదవగలిగినవాళ్లూ ఉన్నారు. ఇబ్బందల్లా ఒక్కటే. చిరివేరు పువ్వు కొన్ని మిల్లీమీటర్లే ఉంటుంది. కౌస్లిప్‌లా కంటితో తేలదు, పది రెట్లు పెద్దది చేసే చేతి లెన్సు కావాలి.